సున్నం తినేసిన వేలిముద్ర

మొన్న ఎదురింటివాళ్ళు గోడలకు వేయడానికి తొట్టిలో సున్నం తడిపారు. బుసబుస పొంగిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు వరదరాజులు నాయుడుగారు గుర్తుకొచ్చారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన కొత్తలో, తోటివాళ్ళు చాలామంది కర్నూలు వెళ్ళిపోయాక, చెన్నపట్నంలోనే మిగిలిన నేను చూలై దగ్గర ఒక రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తాగా చేరాను. ఆయన అక్కడ సబ్ రిజిస్ట్రారు. శనివారం సాయంత్రం మా భజన గోష్ఠికి ముందు నిలిచి పాడేదీ ఆయనే. కచేరీలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. భజనలో మాత్రం ఆ గొంతు వీధి మలుపు దాకా వినిపించేది.

ఒకరోజు మునెమ్మ అనే వితంతువు తన రెండు గదుల ఇంటిని కూతురి పేర రాయడానికి వచ్చింది. వెనకే ఆమె భర్తకు అన్న దిగాడు.

"ఈమె మునెమ్మ కాదు సార్. మా తమ్ముడి పెండ్లాం ఎప్పుడో పోయింది. ఇది దాని చెల్లెలు" అన్నాడు.

ఇద్దరూ చెరో సాక్షిని తెచ్చుకున్నారు. ఇక తేల్చవలసింది వేలే. ఇల్లు కొన్ననాడు మునెమ్మ వేసిన బొటనవేలి ముద్ర మా దగ్గర భద్రంగా ఉంది. ఆమె వేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించాను. నల్లటి మచ్చ పడిందే తప్ప ఒక్క గీతా లేదు. మళ్ళీ ఒత్తించినా అంతే.

"చూసినారా! గీత లేని మనిషి యాడన్నా ఉంటుందా?" అని బావ నవ్వాడు.

"నేను నేను కాకుంటే నా బిడ్డ ఎవురి బిడ్డయ్యా?" అని మునెమ్మ ఏడ్చింది.

నాయుడుగారు ఆమె చెయ్యి వెలుతురుకు తిప్పి చూశారు. "ఏం పని చేస్తావమ్మా?"

"గోడలకు సున్నం నూరతానయ్యా."

"అదే తినేసింది. వచ్చే పున్నమి దాకా సున్నం ముట్టుకోవద్దు. చేతికి నూనె రాయి. గీతలు మళ్ళీ వస్తాయి."

"మళ్ళీ మొలిచేదానికి అదేమన్నా తోటకూరా సార్?" అన్నాడు బావ.

"దేవుడు లోపల చెక్కినాడప్పా. సున్నం తినింది పైతోలు. మునెమ్మవైతే మునెమ్మవే వస్తాయి, చెల్లెలివైతే చెల్లెలివే వస్తాయి. నీకేం భయం?"

వాళ్ళు వెళ్ళాక నాతో, "పనికి పోకుంటే ఆమె తినేదెట్టా? తీర్పు చెప్పేవాణ్ణి, నేను అన్నం పెట్టకూడదు. మీ అమ్మగారి చెవిన వేసి చూడు" అన్నారు. మా అమ్మ, గోష్ఠి ఆడవాళ్ళు కలిసి మునెమ్మకు భజన మందిరంలో స్వామి దండలు కట్టే పని ఇచ్చి, రెండు పూటలా ప్రసాదం పెట్టారు. రోజూ హారతి అయ్యాక ఆమె వేలు దీపం దగ్గర పెట్టి చూసుకునేది. నేను ఆమె కోసం ప్రార్థించేవాణ్ణి.

పున్నమి దాటాక మళ్ళీ సిరా పూశాను. ఈసారి సన్నగా, అక్కడక్కడా తెగుతూ గీతలు పడ్డాయి. మధ్యలో సుడి స్పష్టంగా ఉంది. నాయుడుగారు రెండు ముద్రలూ, భూతద్దమూ ముందుగా బావ చేతికే ఇచ్చారు.

"నువ్వే చూసి చెప్పప్పా."

అతను చాలాసేపు వంగి చూశాడు. అద్దం బల్లమీద పెట్టి, తల ఎత్తకుండానే, "బిడ్డను లోపలికి పిలువు మునెమ్మా. పని కానీ" అన్నాడు.

ఇప్పుడు ఆ గోష్ఠి నా చేతికి వచ్చింది. తాగుడులో పడో, తగాదాలతోనో ఏళ్ళ తరబడి దూరమైనవాళ్ళు ఎప్పుడైనా మందిరం వాకిట్లోకి వచ్చి నిలబడతారు. "వీడు వెనకటి మనిషి కాడండీ" అని మావాళ్ళు నా చెవిలో గొణుగుతారు. నేను వాదించను. దండలు కట్టేచోట ఇంకొక పీట వేయిస్తాను.