ఏటి బాప్తిస్మం

గుంటూరు వైపు నుంచి మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు మా అత్తను చర్చి గుమ్మంలో పట్టుకుని, "బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటారమ్మా?" అని అడిగారు.

"ఏటి బాప్తిస్మం" అంది అత్త.

మా వైపు 'ఏటి' అంటే 'ఏమిటి' అని ఎవరో ఆయనకు బస్సు దిగగానే చెప్పిపెట్టారు. ఆ ఒక్క మాట నేర్చుకుని ఆయన మురిసిపోతున్నారు. అందుకని అక్కడే నిలబడి బాప్తిస్మం అంటే ఏమిటో, నీళ్ళలో పాత మనిషి చావడం ఏమిటో, కొత్త మనిషి లేవడం ఏమిటో, అప్పుడే అయిన ప్రసంగం చాలనట్టు ఇంకో ప్రసంగం చేశారు. అత్త చేతులు కట్టుకుని అంతా విన్నది.

"సానా బాగా సెప్పినారు అయ్యగారూ. మరైతే ఏటి బాప్తిస్మమే ఇప్పించండి" అంది.

ఆయన మళ్ళీ మొదలుపెట్టబోయారు. నేను అడ్డం పడ్డాను. "ఏమిటి అని కాదండీ, ఏరు! ఏట్లో ముంచమంటోంది."

"ఏట్లో ఎందుకమ్మా? ఇంత మంచి తొట్టి ఉండగా!" అన్నారాయన.

అత్త మా నాన్నకు చెల్లెలు. నెల్లిమర్లలో జూట్ మిల్లు దారిలో కిరాణా కొట్టు నడిపింది. మాది కొట్ల కుటుంబం. నాన్నది ఉల్లిపాయలు, చిన్నాన్నది గోనెసంచులు, నాది సిమెంటు, ఇనుము. మా ఇళ్ళలో పిల్లలకు మాటల కన్నా ముందు బేరం వస్తుంది. నేనైతే పెళ్ళిచూపుల్లో ఇచ్చిన జీడిపప్పు ఏ రకమో అడిగి, వాళ్ళు ఎక్కువ పెట్టి కొన్నారని తేల్చి వచ్చిన ఘనుణ్ణి. అత్త దేవుడితో కూడా అలాగే వ్యవహరించింది. ఏళ్ళ తరబడి చర్చికి వచ్చింది గానీ మునగలేదు. సరుకు పూర్తిగా చూడందే తీసుకోనంది. చివరికి చూసింది, నచ్చింది, తీసుకుంటానంది. ఇప్పుడు ఏ సంచీలో కట్టిస్తారన్న దగ్గర పేచీ.

మా సంఘంలో మునగనివాళ్ళకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. పళ్ళెం అత్త మోకాళ్ళ ముందు నుంచి పక్కావిడకు వెళ్ళిపోతుంది. ఎదురుగా సరుకు పెట్టుకుని లేదనిపించుకున్నట్టు ఉంటుందని అత్త నాతో చాలాసార్లు అంది. ఆ రొట్టె ముక్క ఆమెకు కావాలి. కానీ తొట్టి మాత్రం వద్దు.

"తొట్టిలో నీరు ఎక్కడికెళ్తాది? ఎక్కడికీ ఎళ్ళదు. నా పాపాలన్నీ అక్కడే ఉంటాయి. నా ఎనకాల దిగినోళ్ళకి అంటుకోవేటి? పారే నీరైతే పట్టుకుపోతాది."

పాస్టరుగారి నాలుగేళ్ళ వేదాంత చదువులో ఈ కిరాణా కొట్టు లెక్క చెప్పి ఉండరు.

ఇంతకీ ఆ తొట్టి సంగతి చెప్పాలి. ప్రసంగ వేదిక వెనక నీలం టైల్స్‌తో, గోడ మీద యేసు మునిగిన యోర్దాను నది బొమ్మతో కట్టించినవాడు మా సంఘపెద్ద. ఏట్లో ఇసుక తవ్వే యంత్రం ఆయనదే, ట్రాక్టర్లూ ఆయనవే. ఏరు లోతుకు పోయాక చర్చి బోరు ఎండిపోయింది. ఇప్పుడు ఆ తొట్టి నింపడానికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. అదీ ఆయనదే. ఒక మనిషి ఏటినీ తీసుకుని, ఏటికి బదులు తొట్టీ ఇచ్చి, తొట్టిలోకి నీళ్ళు కూడా తనే పోస్తుంటే, మేము ఆయన్ను దాత అని పిలిచి పాలరాయి మీద పేరు చెక్కించాం. ఆ పాలరాయి అతికించిన సిమెంటు నా కొట్టులోదే. ఇసుక కదిలితేనే నా సిమెంటు కదులుతుంది కాబట్టి నా కోపానికి ఎప్పుడూ ఒక హద్దు ఉండేది. దాని పేరు గిరాకీ.

ఆ నెలలోనే సృష్టి సంరక్షణ ఆదివారం వచ్చింది. చర్చి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఏ దేశానిదో తెలియని జలపాతం, దాని మీద సంఘపెద్ద ఫొటో. జలపాతం కన్నా ఆయన మీసమే పెద్దది. కానుగ మొక్కలు ప్లాస్టిక్ సంచుల్లో పంచారు. పాస్టరుగారు బాగానే చెప్పారు. దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సాగుచేసి కాయడానికేనన్నారు. మా సంఘానికి బైబిల్లో భూమిని 'ఏలండి' అన్న మాట బాగా నోటికి వచ్చు. 'కాయండి' దగ్గరకొచ్చేసరికి అందరికీ దగ్గు వస్తుంది. సంఘపెద్ద లేచి, మాకిచ్చిన కొండల్నిబట్టి, ఏరునిబట్టి స్తోత్రమని గద్గదంగా ప్రార్థన చేశాడు. ఇచ్చినవాడు తిరిగి వచ్చి చూసుకోడన్న ధైర్యం ఆ గొంతులో ఉంది. యజమాని భోజనానికి వెళ్తూ కాసేపు కొట్టు చూస్తుండమంటే, ఆయన వచ్చేసరికి తక్కెడ కూడా అమ్మేసినవాణ్ణి మా బజారులో దొంగ అంటారు. చర్చిలో ముందు కుర్చీ వేస్తారు.

బయటికొచ్చాక అత్త నా మీద పడింది. "ఒరే అల్లుడా, పెద్ద బేరగాణ్ణని తిరుగుతావు కదా. ఎళ్ళి ఆయనతో బేరమాడు. ఆ ఏటి వంపు దగ్గర నాలుగు నీళ్ళున్నాయి. నాను మునిగేదాకా అటు మెషీను తేవొద్దని సెప్పు."

సాయంత్రం సంఘపెద్ద ఇంటికి వెళ్ళాను. వంపు దగ్గర బేరం తెగాలంటే ముందు ఏరంతా అడగాలి కదా. అదే అడిగాను.

"మావా, వానలు పడేదాకా ఏట్లోకి మెషీను దింపకు."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. "ఏరంతా ఆపీసినాననుకో, నీ సిమెంటు ఎవుడు కొంటాడ్రా? ఒట్టి సిమెంటు ఒంటికి రాసుకుంటావేటి?"

మొదటి మాటకే నేను సగం దిగిపోయాను. "పోనీ, ఆ వంపొక్కటీ వదిలెయ్. అత్త ముచ్చట."

"మీ అత్తకి తొట్టి సాలదేటి? టైల్స్ ఏయించినాను. యోర్దాను బొమ్మేయించినాను."

"అది పారదు కదా మావా."

"బొమ్మలో పారతన్నాది కదరా!"

తర్వాత ఆయనకు దయ పుట్టుకొచ్చింది. "ఒక పని సేద్దాం. మెషీను అక్కడికే పంపిస్తాను. మనిషి మునిగేటంత గొయ్యి తీయించి, దిగడానికి మెట్లు కూడా పెట్టిస్తాను. మీ అత్తకి ఏరు, నాకు ఇసక. ఎవుడికీ నష్టం నేదు."

నిజం చెప్పాలంటే ఆ బేరం నాకు నచ్చింది. చేతిలో చెయ్యి వెయ్యబోయి, ఎందుకైనా మంచిదని అత్తను అడిగి చెప్తానన్నాను.

అత్త విని నన్ను పైనుంచి కిందకు చూసింది. "ఏటిని తవ్వి ఏరు సేస్తాడేటి? ఆడి గోతిలో మునగడం కన్నా ఆడి తొట్టే నయం. అక్కడ టైల్సైనా ఉన్నాయి. నిన్ను బేరానికి పంపితే నన్నే అమ్మీసి వచ్చినావు కదరా!"

ఇక పాస్టరుగారే మిగిలారు. ఒక పొద్దున్న మా ఇద్దరితో ఏటికి రావడానికి ఒప్పుకున్నారు. ఏటి గురించి స్తోత్రాలు చెప్పించిన ఆయన అంతవరకూ ఏరు చూడలేదు. వంతెన స్తంభాల మొదళ్ళు బయటపడి ఉన్నాయి. ట్రాక్టర్ల దారులు, పెద్ద పెద్ద గోతులు, వాటిలో పచ్చగా పాచి. ఆయన కాసేపు నడిచి, "ఏరు ఇంకెంత దూరమండీ?" అన్నారు.

"మీరు నిలబడ్డది ఏట్లోనే అయ్యగారూ" అంది అత్త.

ఆయన ఆ తర్వాత తొట్టి మాట ఎత్తలేదు. వంపు దగ్గర మాత్రం సన్నగా నీరు పారుతోంది, పిక్కల దాకా కూడా లేదు. ఆయన చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి దిగారు. అత్త కొంగు బిగించి నీళ్ళలో వెల్లకిలా పడుకుంది. ఆయన తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం పలికి ఆమె తల అదిమారు. తల మునిగితే పొట్ట తేలింది. నేను భుజాలు పట్టుకుని సాయం చేశాను. భుజాలు మునిగితే మోకాళ్ళు లేచాయి. మా సంఘంలో మనిషి పూర్తిగా మునగాలి. ఆయన వంగి రెండు చేతులతో అడుగున ఇసుక తోడబోయారు.

"తవ్వకండి! తవ్వితే ఆడికీ మీకూ తేడా ఏటి?" అని అత్త పడుకునే అరిచింది. తర్వాత తనే ఉపాయం చెప్పింది. "ముందు బోర్లా తిరుగుతాను. అటేపు మునుగుతాది. తరవాత ఎల్లకిలా."

అలాగే ముంచాం. రక్షణను రెండు వాయిదాల్లో తీసుకున్న మొదటి మనిషి మా వంశంలో ఆమే. లేచి నిలబడి, జుట్టులోని ఇసుకను ఏట్లోనే దులుపుకుంది. అప్పుడు నవ్వింది చూశారూ, నేను పక్కకు తిరిగి ముక్కు చీదుకోవలసి వచ్చింది.

ఆ వారమే రొట్టె విరిచే ఆదివారం. మా చర్చిలో పళ్ళెం పట్టుకుని వరసల వెంట తిరిగేది సంఘపెద్దే. అత్త ముందుకొచ్చి ఆగాడు. పళ్ళెం ఇవ్వలేదు, ముందుకూ కదల్లేదు. వేదిక మీద నుంచి పాస్టరుగారు, "ఇవ్వండి. ఆమె మునిగింది" అన్నారు.

"మా ట్రాక్టరోళ్ళు సూసినారు. కాలివేళ్ళు మునగనేదంట కదా అయ్యగారూ? ఒకేపాలి కూడా కాదంట" అన్నాడు ఆయన, అందరికీ వినబడేలా.

"అవి మునిగేటంత నీరు నువ్వుంచితే కదా బావా!" అంది అత్త.

ఎవరూ దగ్గలేదు. ఆయన చేతిలో పళ్ళెం కిందకు వంగింది. అత్త తొందరపడలేదు. మంచి ముక్క ఏదో చూసి మరీ ఏరుకుంది.

మర్నాడు పొద్దున యంత్రం ఏట్లోకి దిగింది. రోజూ వెళ్ళే చోటికి కాదు, ముందు ఆ వంపు దగ్గరకే.