తువ్వాలు కింద రెండు వేళ్లు

ఆ రోజుల్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం, ఏమీ తెలియకుండా ఉండటం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. డిగ్రీ అయిపోయింది, కాటన్‌పేటలో మా పెదనాన్న అగరబత్తుల దుకాణంలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు, సరిగ్గా అప్పుడే పిల్లల టైఫాయిడ్ టీకాను పరీక్షించే ఒక కేంద్రం వాళ్లు ఇంటింటికీ తిరిగే మనిషి కావాలన్నారు. మంచినీళ్ల పైపూ మురుగు పైపూ పక్కపక్కనే కాపురం చేసే మన వీధుల్లాంటి చోట్ల, మనలాంటి బీద దేశాల్లో, ఆ టీకా పిల్లల్ని ఎంతవరకు కాపాడుతుందో చూడటం వాళ్ల పని. సగం మంది పిల్లలకు టైఫాయిడ్ టీకా, తక్కిన సగానికి వేరే జబ్బు రాకుండా వేసే ఇంకో మంచి టీకా. ఎవరికి ఏది పడిందో తల్లిదండ్రులకు తెలియదు, నాకు తెలియదు, మా పెద్ద మేడంకు కూడా తెలియదు. పరదా వెనక సూది నింపే నర్సమ్మకు మాత్రం తెలుసు. ఆవిడ మాతో కలిసి టీ కూడా తాగేది కాదు (నోరు జారుతుందేమోనని ఆవిడకు భయం, మాకు తెలిసిపోతుందేమోనని మాకు భయం). ముందే తెలిస్తే, పిల్లకు జ్వరం వచ్చినప్పుడు మన చూపు ఒక పక్కకు ఒరిగిపోతుందట. అందుకని శిక్షణలో మాకు బాగా నేర్పిన మాట ఒకటే, "తెలియదు." ఆ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ చాలాసేపు ఆలోచించి, "మూడేండ్లు డిగ్రీ చదివిచ్చింది ఇందుకా అప్పా? తెలీదనేదానికి ఈ ఇంట్లో మీ నాయన సాలడా?" అంది.

నాకు అప్పగించిన వీధి బళేపేట వెనకాల ఉండేది. అందులో ఒక గాజుల దుకాణం పైన కాపురముండే ఆవిడను అందరూ గాజులక్క అనేవారు. ఆవిడ కూతురు చిట్టికి అప్పుడు ఐదేళ్లు. చిట్టి అన్నకు అంతకు ముందు ఏడాది టైఫాయిడ్ వచ్చి, మూడు వారాలు ఆస్పత్రి మంచం మీద ఉండి, లేచేసరికి జుట్టంతా రాలిపోయి ఉండిందట. అందుకే మేము వీధిలోకి వచ్చామని తెలియగానే మొదట వచ్చి నిలబడింది ఆవిడే. కాగితం చదివి వినిపించాను. ఏ సూది పడుతుందో ఎవరికీ తెలియదనీ, పరీక్ష ముగిశాక టైఫాయిడ్ టీకా పడనివాళ్లకు అది కూడా వేస్తారనీ చెప్పాను. ఆవిడ రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది. అక్కడికి అంతా సవ్యంగానే ఉంది. ఆవిడ మామగారు మాత్రం ఆ సమయానికి గుడికి వెళ్లి ఉన్నారు. నా గ్రహచారం అక్కడే మొదలైంది.

ఆ మామగారిని వీధంతా దళారి తాత అనేవారు. హిందూపురం వైపు పశువుల సంతల్లో నలభై ఏళ్లు బేరాలు కుదిర్చి, కాళ్లు అరిగిపోయాక కొడుకు దగ్గరికి వచ్చి మెట్ల కింద బెంచీ మీద కూర్చున్నారు. సూది వేసిన మూడో రోజున చిట్టికి జ్వరం ఉందేమో చూడటానికి నేను వెళ్లినప్పుడు ఆయన నన్ను ఆపారు.

"ఏమప్పా, మా పాపకి ఏసిన సూదిలో ఏముండాది?"

"తెలీదు తాతా."

"మీ మేడంకి?"

"ఆమెకూ తెలీదు."

"మరి ఎవురికి తెలుసు?"

"పరదా వెనకాల ఒక నర్సమ్మ ఉంటారు. ఆమెకు తెలుసు."

తాత ముఖం వెలిగిపోయింది. "అట్ల చెప్పు! పరదా ఉండాదంటే బేరముండాది. నోటితో చెప్పేది వద్దులే నాయనా, నీ ఉద్యోగం ఏమైతాదో ఏమో," అంటూ భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకుని ఆ చేతిని నా ముందుకు చాచారు. ముసలాయన, కాళ్లు సరిగా లేవు, బెంచీ మీంచి లేవడానికి ఆసరా అడుగుతున్నారని నేను అనుకున్నాను. (తువ్వాలు ఎందుకు కప్పుకున్నారని అడగాలని తోచింది గానీ, పెద్దవాళ్లను అలాంటివి అడగకూడదని ఊరుకున్నాను.) తువ్వాలు కిందికి చెయ్యి పోనిస్తే ఆయన వేళ్లు రెండు చేతికి దొరికాయి. గట్టిగా పట్టుకుని లాగాను. ఆయన లేవలేదు. తిరిగి నా చెయ్యి ఒత్తారు. పట్టు కుదిరింది కాబోలనుకుని నేను ఇంకాస్త గట్టిగా ఒత్తాను. ఆయన అటూ ఇటూ చూసి, మెల్లగా చెయ్యి లాక్కుని, "సరి అప్పా. నేనెవురికీ చెప్పను," అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మర్యాదగా, "అవును తాతా, చెప్పకండి," అన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఆ మాట ఎందుకన్నానా అని ఒంటరిగా ఉన్నప్పుడు తల కొట్టుకుంటుంటాను.

మర్నాడు పొద్దున వీధిలో అడుగుపెట్టేసరికి గాజులక్క దుకాణం ముందే నిలబడి ఉంది. చేతిలో సంచీ, అందులో మేమిచ్చిన థర్మామీటరు, రోజూ జ్వరం రాసుకునే కార్డు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తమ్ముడా, మా పాపకి రెండోది పడిందని మామకి చెప్పినావంట గదా. టైఫాయిడ్‌ది కాదంట గదా. ఇవన్నీ తీసుకోని పో. మేం రాము."

"నేనా? నేనెప్పుడు చెప్పినానక్కా?"

"నోటితో చెప్పలేదులే. తువ్వాలు కింద రెండు వేళ్లు పట్టి చెప్పినావంట. రెండుసార్లు ఒత్తి మరీ చెప్పినావంట."

అప్పుడు ఆవిడే విడమరచి చెప్పింది. సంతలో బేరం నలుగురికీ వినపడకూడదని దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లతోనే ధర చెప్పుకుంటారట. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడవచ్చు గానీ, తువ్వాలు కింద ఆడితే మళ్లీ ఆ మనిషిని సంతలోకి రానివ్వరట. అందుకని మామగారికి నా రెండు వేళ్ల మీద దేవుడి మీదకన్నా ఎక్కువ నమ్మకం. చెప్పనిది చెప్పలేదని చెప్పడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. కాసేపటికి నాకే అనుమానం వచ్చింది, నిజంగా నాకేమైనా తెలుసా, తెలిసి మరిచిపోయానా అని. ఇంతలో పక్కింటి అవ్వ కొంగు చేతి మీద కప్పుకుని, "మా మనవనిది కూడా ఒకసారి చెప్పిపో నాయనా," అంటూ దగ్గరికి వచ్చింది. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పరుగులాంటి నడకతో ఆఫీసుకు పోయాను.

మేడం అంతా విన్నారు. "నువ్వేం చెప్పావు?" అన్నారు. "నేనేం చెప్పలేదు మేడం, ఆయన్ను లేపుదామని చెయ్యి పట్టుకున్నాను." "ఎన్ని వేళ్లు?" "రెండు." మేడం కలం కింద పెట్టి, "ఎందుకు రెండు?" అన్నారు. నేను నా వేళ్లు చూసుకున్నాను. "చూడు, ఆ తల్లికి ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యొద్దు, అది ఆవిడ హక్కు. కానీ ఆవిడ లేనిపోని మాట నమ్మి మానుకుంటోంది. ఆవిడ వెనకాల వీధంతా మానుకుంటుంది. నీకు తెలియదన్న సంగతి ఆయనకు తెలిసేలా చెయ్యి. ఎలాగంటావా, అది నాకూ తెలియదు," అని ఫైల్లో తల దూర్చారు.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. కానీ నన్ను కుదిపింది ఆ సంచీ. ఆస్పత్రి వరండాలో మూడు వారాలు కూర్చున్న మనిషి నన్ను నమ్మి సంతకం పెట్టి, ఇప్పుడు నా వల్ల మోసపోయాననుకుంటోంది. సాయంత్రం మళ్లీ వెళ్లాను. తాతకు నోటితో చెబితే వినేలా లేరు. "తెలీదని అనేది దళారి ధర్మంలే," అని నవ్వేస్తున్నారు. చివరికి నేనే, "తాతా, తువ్వాలు ఇట్లియ్యి," అన్నాను. గాజులక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది, పక్కింటి అవ్వ ఆవిడ భుజం మీంచి తొంగి చూస్తోంది. తువ్వాలు కింద చెయ్యి పెట్టి పిడికిలి బిగించాను. తాత వేళ్లు నా పిడికిలి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాయి. చూపుడు వేలు దగ్గర ఆగి మెల్లగా తెరవబోయాయి, తెరుచుకోలేదు. చిటికెన వేలిని లాగి చూశాయి. బొటనవేలు కూడా లోపలే. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, నాకూ పట్టింది.

"నలభై ఏండ్లల్లో పిడికిలి బేరం సూడలేదప్పా," అని చెయ్యి తీసి, కోడలి వైపు తిరిగి, "వీనికి నిజంగానే ఏమీ తెలీదే," అన్నారు జాలిగా.

గాజులక్క, "ఏ సూది పడిందో తెలీకున్నా నాకు పర్వాలేదు తమ్ముడా. అది నేను ఒప్పుకున్నదే. మీకందరికీ తెలిసి నాకొక్కదానికే చెప్పలేదనుకున్నా చూడు, దానికి బేజారయింది," అని థర్మామీటరున్న సంచీని మళ్లీ గోడ మేకుకు తగిలించింది.

తర్వాత రెండేళ్లు చిట్టికి ఒళ్లు వెచ్చబడితే చాలు ఫోను నాకే వచ్చేది. ఒకసారి జ్వరం మూడు రోజులు దాటింది. నెత్తురు తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు, తాత చెప్పిన రెండోది అనే మాటే చెవిలో తిరుగుతూ ఉండేది. తెలియకుండా ఉండటం ఎంత బరువైన ఉద్యోగమో మా అమ్మకు చెప్పాలనిపించింది ఆ రోజుల్లోనే. టైఫాయిడ్ కాదని తేలాక, వీధి చివర బేకరీలో నిలబడి కొబ్బరి కూరిన తీపి దిల్‌పసందులు ఒక్కణ్ణే మూడు తిన్నాను.

పరీక్ష ముగిసింది, టీకా పిల్లల్ని బాగానే కాపాడిందని తేలింది, సీలు వేసి దాచిన కవర్లు తెరిచారు. ఎవరికి ఏది పడిందో రాసిన కాగితం తీసుకుని నేనే ఇంటింటికీ వెళ్లాను. చిట్టి పేరు ఎదురుగా చూస్తే, ఆ పిల్లకు పడింది వేరే టీకా. టైఫాయిడ్‌ది ఇప్పుడు వెయ్యాలి. ఆ మాట చెప్పగానే బెంచీ మీంచి దళారి తాత ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడ్డారు.

"రెండోదే గదా! ఆ పొద్దే చెప్పలా నేను? ఒరే, ఎంత గట్టోనివిరా నువ్వు! ముందు చెప్పేసి, పైవాళ్లకి తెలిసిపోయిందని మళ్లా పిడికిలి బిగిచ్చినావు. దళారంటే అట్లుండల్ల!"

"తాతా, నాకు నిజంగా తెలీదు. నేను మిమ్మల్ని లేపుదామని..."

"అదే, అదే! ఇప్పటికీ చెప్పడు చూడు," అని వీధికంతా చూపించారు. నా జీవితంలో అంత గొప్ప సర్టిఫికెట్టు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు, అదీ నేను చేయని పనికి. ఇందులో ఇంకో చిక్కుంది. వాటిలో మొదటిది ఏది, రెండోది ఏది అని మేము ఎవరమూ ఎప్పుడూ అనుకోనేలేదు.

గాజులక్క నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడన్నా చెప్పు తమ్ముడా, ఆ పొద్దు నీకు తెలుసా?" అంది. "తెలీదక్కా, ఒట్టు," అన్నాను. ఆవిడ మామగారి వైపు చూసింది, నా వైపు చూసింది. "సరేలే. నువ్వన్నావు గదా, నమ్ముతా. కూర్చో, కాఫీ తెస్తా," అంది.

ఇప్పుడు నేను కొత్తగా చేరే పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. అన్నీ తెలిసినవాడిలా బల్ల వెనక కూర్చుని, "తెలియదు అని చెప్పడం నేర్చుకోండి," అని గంభీరంగా చెబుతుంటే, జేబుల్లో చేతులు పెట్టుకుని బళేపేటలో పరుగెత్తిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడిమీద కాస్త ముద్దు కూడా వస్తుంది. చివరికి టైఫాయిడ్ టీకా వేయించుకున్న రోజున చిట్టి ఏడవలేదు. స్కూలు రుమాలు చేతి మీద కప్పుకుని నా ముందుకు చాచింది. ఈసారి తెలిసే పెట్టాను నా చెయ్యి. ఆ పిల్ల లోపల నా వేళ్లు మూడు పట్టుకుని, గట్టిగా ఒత్తి, కిలకిలా నవ్వుతూ మెట్లెక్కి పారిపోయింది. ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.