మెడెత్తు బండ

గొర్రెలు కాసే కురుమ పర్వతాలును మొదటిసారి చూసినవాళ్ళు, ఈ మనిషి పని చేయగా ఎప్పుడు చూస్తామో అనుకునేవారు. భుజాన గొంగడి, గదవ కింద కర్ర, చూపు మాత్రం ఎటో. భార్య రామమ్మదీ అదే మాట. "గొర్లు మేస్తున్నయి, నువ్వు చూస్తున్నవు. గా చూసుడేదో నేనే చూద్దును, గీ గంజి నువ్వు కాయి" అని దెప్పేది. కానీ మంద కాసేవాడికి చూడటమే పని. ఏ గొర్రె కుంటుతోంది, గాలి ఎటు తిరిగింది, మిట్టమధ్యాహ్నం మంద ఎక్కడ ఒరిగింది అన్నవి కనిపెట్టనివాడు ఏడాది తిరక్కుండా మందను పోగొట్టుకుని కూలికి పోతాడు. అలా గొర్రెల మీద ఉన్న చూపు ఒక బేస్తవారం నాడు మనుషుల మీదికి మళ్ళింది.

నైజాం జమానా, రెండో ప్రపంచ లడాయి మొదలైన ఏడు. తిరుమలగిరికి రెండు కోసుల దూరంలో ఉన్న గట్టుకిందిపల్లెలో ప్రతి బేస్తవారం అంగడి. ఊరికీ గట్టుకీ నడుమ మొరం నేల, దాని మీద అంగడి. చెట్టు కాదు కదా, చెట్టు పేరు చెప్పుకోవడానికి మొద్దు కూడా లేదు. మధ్యాహ్నం దాటితే ఎద్దులు నాలుకలు బయటపెట్టేవి. మనుషులకు సిగ్గు ఉంటుంది కనుక నోరు మూసుకునేవాళ్ళు.

ఆ రోజు మాదిగవాడ సైదమ్మ కట్టెల మోపుతో నిలబడి ఉంది. ఏడో నెల. మోపు దించితే మళ్ళీ నెత్తికెత్తడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ఆమె నెత్తి మీది మోపును ఊరివాళ్ళు ముట్టరు, వాడవాళ్ళు ఇంకా రాలేదు. కొనేవాళ్ళు దొరికేదాకా అలా మోస్తూ నిలబడటమే. కళ్ళు తిరిగాయేమో, "అయ్యా, దించుకుంట. జర చెయ్యి పట్టున్రి" అంది. ఆమెకు రెండు బారల దూరంలో ఉన్నది పర్వతాలే. ఆయన అటూ ఇటూ చూశాడు. ఎదురుగా పోలీసు పటేలు వెంకటయ్య కూర్చుని ఉన్నాడు, చుట్టూ ఊరు ఊరంతా ఉంది. గొంగట్లో నుంచి చెయ్యి బయటికి రాలేదు. సైదమ్మ మోపుతో సహా కూలిపోయింది.

తల్లీ బిడ్డా దక్కారు. అది దేవుడి దయ, పర్వతాలు దయ మాత్రం కాదు. ఆ సంగతి ఊరంతటిలోకీ ఆయనకే బాగా తెలుసు. నాలుగు దినాలు ముద్ద దిగలేదు. సిగ్గుపడ్డాడు, నిజంగా సిగ్గుపడ్డాడు.

పైవారం డప్పు చాటింపు అయింది. అంగడికి నీడ లేదని ఎడ్ల బేరగాళ్ళు గొణుగుతున్నారట, ఇకమీదట అంగడి ఊరి దొర కోటలాంటి గడీ పక్కన చింతతోపులో జరుగుతుందట. నీడ బాగానే ఉంటుంది. కానీ గడీ ముందుకు పోతే చెప్పులు చేతిలోకి రావాలి, గంపలోని మంచి కాయ అడగకుండానే లోపలికి పోవాలి. సైదమ్మ వాడవాళ్ళనైతే తోపు గోడ దాటనివ్వరు. వాళ్ళ కట్టెలూ తోలు పనీ గోడ అవతలే, ఎండలోనే.

పర్వతాలు పటేలు దగ్గరికి పోయాడు. "పటేలా, నీడనే గద కావాలె. గా జాగల నేను నీడ చేస్త. జర వ్యవధి ఇప్పియ్యి."

వెంకటయ్య నవ్వాడు. "నీడ చేస్తవా? గొంగడి పరుస్తవా ఏంది అంగడంత?"

"చెట్లు పెడ్త."

పటేలు చెడ్డవాడేం కాదు, నవ్వు దొరికితే వదలనివాడు. దొరకు ఆ మాట నవ్వుతూనే చేరవేశాడు. దొర కూడా నవ్వి మూడు వానాకాలాలు గడువిచ్చాడు. మూడో వానాకాలం పోయేసరికి నీడ లేకపోతే అంగడి తోపులోకి, ఆ మొరం నేల దొర ఆముదపు చేనులోకి.

పర్వతాలు వెంటనే గుంతలు తవ్వలేదు. ఎనిమిది వారాలు అంగడి చివర కూర్చుని చూశాడు. ఏ పల్లె మనుషులు ఏ బాటన వస్తున్నారు, పసిపిల్లల తల్లులు ఎక్కడ ఆగుతున్నారు, ఎడ్లు ఎటు తిరిగి నిలబడుతున్నాయి అని చూసి, ఆ చోట్లలో గులకరాళ్ళు పెట్టాడు. అంగడి నిండేది మధ్యాహ్నం తర్వాత కనుక చెట్ల వరస పడమట ఉండాలి, అప్పుడు నీడ జనం మీదికి వస్తుంది. నడిచి నడిచి పడిన బాటల్లో ఒక్కదాన్నీ జరపలేదు. "గొర్రె వంకర నడవది. దానికి అడ్డం పెట్టిన మనిషే వంకర" అనేవాడు.

బాటల మొదట్లో బండలు నిలపాలనుకున్నాడు. రెండు రాళ్ళు నిలబెట్టి, మీద అడ్డంగా ఒక బండ పరిస్తే, నెత్తి మీది బరువును ఎవరి సాయం లేకుండా దాని మీదికి జరపవచ్చు, మళ్ళీ తల దూర్చి ఎత్తుకోవచ్చు. రాళ్ళు కొట్టే వడ్డెర పెద్దులు ఒక పొట్టేలుకు ఒప్పుకున్నాడు. మొదటి బండ మాదిగవాడ బాటలో. పర్వతాలు సైదమ్మను పిలిచి, కర్ర పక్కన నిలబెట్టి, ఆమె మెడ దగ్గర గీత పెట్టించాడు.

"నీ ఎత్తు పెట్టుకోరాదు? గామె కొలతెందుకు?" అన్నాడు పెద్దులు.

"నా మూట ఎత్తెటందుకు ఊర్ల పది చేతులున్నయి. గామెకు లెవ్వు."

 ఆనాడు గొంగడిలోంచి బయటికి రాని చెయ్యి ఎవరిదో సైదమ్మకు గుర్తుంది.

తర్వాత ఆయన చేసిన తప్పు కురుమలు తప్ప ఇంకెవరూ చేయలేరు. మొరంలో వేపమొక్క బతకాలంటే ఎరువు కావాలి. ఎరువంటే కురుమకు మందే. ఎండాకాలం పదిహేను రోజులు మూడిండ్ల గొర్రెలను ఆ జాగాలో మంద పెట్టించాడు. ఆ ఏడు గడ్డి లేక గొర్రెలన్నీ తుమ్మకాయలు తిని ఉన్నాయి. తొలకరి పడగానే నేలంతా పచ్చగా లేచింది. చూసినవాళ్ళు "అబ్బ, పర్వతాలు చెయ్యి!" అన్నారు. ఆ పచ్చదనం పెంటికల్లోంచి మొలిచిన తుమ్మ అని రెండు నెలలకు అరికాళ్ళు చెప్పాయి.

అంగడికి వచ్చినవాళ్ళంతా ఒంటికాలి మీద నిలబడి ముళ్ళు తీసుకోవడమే. "అంగడి పెడ్తనని ముండ్ల చెల్క పెట్టినవు గదర!" అని పటేలు కడుపు పట్టుకుని నవ్వాడు. అది చాలదన్నట్టు, నాటిన ముప్పై వేపమొక్కల్లో చాలావాటిని మేకలు కొరికేశాయి. అందులో సగం మేకలు పర్వతాలువే. రామమ్మ ఈసారి దెప్పలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధయింది.

రెండో వానాకాలం ముందు ఆయన గొడ్డలి పట్టుకుని తుమ్మనంతా కొట్టేయడానికి దిగాడు. సైదమ్మ బాట మీది నుంచి కేకేసింది.

"అయ్యా, ఆగు! ఎన్ని యాపలు బతికినయో చూసినవా?"

"పదకొండు."

"ఏడ బతికినయి?"

పర్వతాలు తిరిగి చూశాడు. పదకొండూ తుమ్మ గుబుర్ల నడుమే ఉన్నాయి. చుట్టూ ముళ్ళుంటే మేక మూతి పెట్టలేదు. ఊరంతా చూపున్నవాడని చెప్పుకునే మనిషికి ఆ మాట కట్టెలు కొట్టుకునే ఆమె చెప్పాల్సి వచ్చింది.

"ఒక్కో యాపకు నాలుగు తుమ్మలు కాపలుంచు. పడమటి దిక్కు తుమ్మల్ని కింది మండలు కొట్టి మీదికి పోనియ్యి. తుమ్మ దబ్బున లేస్తది. యాప పెద్దగయ్యేదాక నీడ అదిస్తది. బాటల మీదివి మేం కొడ్తం, కట్టె మాది."

"గట్లనే కానియ్యి" అన్నాడు పర్వతాలు. అంతకంటే తెలివైన మాట ఆయన ఆ రెండేళ్ళలో అనలేదు.

వాడ ఆడవాళ్ళు బాటలు శుభ్రం చేశారు. బండల మీద బరువులు దించడం అందరికీ అలవాటైంది. కోమటి ఇంటి గంపా సైదమ్మ మోపూ ఒకే బండ మీద దిగుతున్నాయని కొందరు ముక్కు విరిచారు. కానీ మెడలు నొస్తుంటే మడి ఎంతసేపు నిలుస్తుంది?

మూడో వానాకాలం పోయింది. వేపలు ఇంకా నడుమెత్తే. పడమటి తుమ్మలు మాత్రం రెండు నిలువులు లేచాయి. గడువు తీరిన బేస్తవారం పటేలు వెంకటయ్య, అంగడిని తోపులోకి తోలడానికి మధ్యాహ్నం వేళ వచ్చాడు. ఎడ్ల బేరగాడు జానయ్య లేవలేదు.

"లెవ్వయ్యా, దొర మాట."

"నేను లేస్త పటేలా, ఎడ్లను నువ్వు లేపు." జానయ్య ఎద్దులు ఎనిమిదీ తుమ్మ నీడలో కాళ్ళు ముడుచుకుని నెమరు వేస్తున్నాయి. "ఎద్దు పండుకున్న జాగ కంటె మంచి జాగ యాడుంటది?"

పటేలు ఎండలో నిలబడి చుట్టూ చూశాడు. ఎవరూ కదలడం లేదు. చెమట కారి కళ్ళలో పడింది. తలరుమాలు తీసి తుడుచుకుని, ఒక్క నిమిషమని చెప్పి ఆయనా నీడలో కూలబడ్డాడు. లేచేసరికి పొద్దు వాలింది. అంగడి తోపులోకి రాదని దొరకు ఏ మొహంతో చెప్పాడో ఆయనకే తెలియాలి. చెప్పాడు మాత్రం; అంగడి అక్కడే నిలిచింది.

ఇంకో ఐదేళ్ళు గడిచాయి. వేపలు తుమ్మలను దాటాయి. ఊళ్ళల్లో దొరల మీద లేచిన సంఘం మాటలు వినబడుతున్నాయి, గడీ ముందు చెప్పులతో నడిచినవాళ్ళ కబుర్లు అంగడిలోనే చెప్పుకుంటున్నారు. పర్వతాలు నెత్తి నెరిసింది.

ఒక బేస్తవారం ఆయన అమ్ముడుపోని గొంగళ్ళు రెండు మూట కట్టుకుని ఇంటికి బయలుదేరాడు. తన బాటన పోలేదు, మాదిగవాడ బాట దగ్గరి బండకు వచ్చాడు. సైదమ్మ మోపు దించుకుని అక్కడ నిలబడి ఉంది. ఆయన మూటను ఆమె కాళ్ళ ముందు నేల మీద పెట్టాడు.

"సైదమ్మా, ఎత్తుకుంట. జర చెయ్యి పట్టు బిడ్డా."

ఆమె అటూ ఇటూ చూసింది. వేప కింద పటేలు కూర్చుని ఉన్నాడు, చుట్టూ ఊరు ఊరంతా ఉంది.

"బండ ఉన్నది గద పెద్దయ్యా. అయినా గింత తేలిక మూటకు నా చెయ్యెందుకు?"

"నా ఒక్కనితోని లేస్తలేదు" అన్నాడు పర్వతాలు.  "ఎనిమిదేండ్ల సంది లేస్తలేదు."

 సైదమ్మ వంగి, మూట కింద రెండు చేతులూ పెట్టింది.