మనింటి బండి

రాజబాబుది ముమ్మిడివరం దగ్గర చిన్న ఊరు. తొంభై నాలుగులో కువైట్ వచ్చినప్పుడు అల్ రాయ్‌లోని ఒక గ్యారేజీలో కార్లు కడిగే పని దొరికింది. నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడే ఆ పనిలోనే, వచ్చేపోయేవాళ్ళ మాటలు విని అరబ్బీ నేర్చుకున్నాడు. మనిషి నోరు మంచిది. మండిపడుతూ వచ్చినవాళ్ళు కూడా అతనితో కాసేపు మాట్లాడితే చల్లబడేవారు. అది గమనించిన యజమాని అబూ ఫహద్, గొట్టం పక్కన పెట్టించి ముందు గదిలో కుర్చీ వేయించాడు. బండి తెచ్చినవాళ్ళు చెప్పే బాధ మెకానిక్కులకి చెప్పడం, మెకానిక్కులు చెప్పింది మళ్ళీ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం, అన్న వేళకి బండి అప్పగించడం. అదీ కొత్త ఉద్యోగం.

ఆ జీతం మీదే పెళ్ళి చేసుకున్నాడు. భార్య జాయ్సీ కూడా నర్సు ఉద్యోగం మీద కువైట్ వచ్చింది. ఇద్దరూ ఫర్వానియాలో ఒక ఫ్లాటులో గది తీసుకున్నారు.

గ్యారేజీ అబూ ఫహద్ తండ్రి రేకుల షెడ్డులో మొదలుపెట్టినది. తొంభైలో ఇరాక్‌తో జరిగిన యుద్ధంలో పానాలతో సహా అంతా పోతే కొడుకు మళ్ళీ మొదటినుంచీ కట్టుకొచ్చాడు. రెండు వేల సంవత్సరం దాటేసరికి పెద్ద షోరూములవాళ్ళు సొంత వర్క్‌షాపులు తెరిచారు. పాత కస్టమర్లు ఒక్కొక్కరే అటు మళ్ళారు. అబూ ఫహద్‌కి దిగులు పట్టుకుంది. ఎవరో చెబితే హోటల్లో పెట్టిన మేనేజ్‌మెంట్ క్లాసుకి వెళ్ళాడు. తిరిగొచ్చి రాజబాబుని పిలిచి కూర్చోబెట్టాడు.

"మా నాన్న రోజుల్లో జనం తాళాలు ఇచ్చేసి ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవారు. ఆ నమ్మకం మళ్ళీ రావాలి. అదే మన విజన్" అన్నాడు.

వారం తిరక్కుండా గోడ మీద పెద్ద బోర్డు వెలిసింది. ఇక్కడికి వచ్చే ప్రతి బండీ మా ఇంటి బండే, అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాయించాడు. పనివాళ్ళందరి చేతా దాన్ని ఒప్పించే బాధ్యత రాజబాబు మీద పెట్టాడు.

రాజబాబు మనస్ఫూర్తిగానే పూనుకున్నాడు. టీ, సమోసాలు తెప్పించి అందరినీ బోర్డు కింద నిలబెట్టాడు. పాకిస్తానీలకీ బంగ్లావాళ్ళకీ హిందీలో చెప్పాడు. తెలుగువాళ్ళ వైపు తిరిగి, "చూడండి బాబూ, మీ చేతికొచ్చిన బండి మనింటి బండే అనుకోవాలండి. మనోళ్ళు ఎక్కి తిరిగే బండనుకుని చెయ్యాలండి" అన్నాడు.

"మా ఇంట్లో సైకిలు గూడా ల్యాదే సామీ, యెట్లనుకునేది?" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు. రాజబాబు కూడా నవ్వేశాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆ వాక్యం అందరి చేతా చెప్పించేవాడు. వాళ్ళూ చెప్పేవారు. చెప్పి, ఎప్పటిలాగే పనిలోకి దిగేవారు. సరిగ్గా కుదరని బోల్టు గురించి గానీ, మరో నెల ఆగితే పాడయ్యే బెల్టు గురించి గానీ ఒక్కరూ నోరు విప్పేవారు కాదు.

అక్కడందరికీ పెద్ద మేస్త్రీ ఖాసిం వలి. రాయచోటి మనిషి. చప్పుడు విని జబ్బు చెప్పగలవాడని పేరు. మాట తక్కువ. ఒక మధ్యాహ్నం రాజబాబు ఆయన పక్కన చేరి మొర పెట్టుకున్నాడు.

"ఏంటి వలీ భాయ్, నేను చెప్పేది ఒక్కళ్ళకీ ఎక్కట్లేదు. మీరైనా చెప్పొచ్చు కదండీ?"

ఖాసిం వలి చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పేది మంచి మాటేలే రాజబాబూ. కానీ పోయినేడు మన అన్వర్ బాషా యేం జేసినాడు? ఇంజన్‌లో ఆయిలు పొయ్యడం మర్చిపోయినా అని వాని నోటితో వాడే చెప్పె. ఇంజన్ పాడు గాకముందే చెప్పె. యేమాయె? వీసా క్యాన్సిల్ కొట్టి ఊరికి తోలేసిరి. ఇంట్లో బిడ్డ తప్పు చేసినా అని చెప్తే ఇంట్లోనించి తరిమేస్తారా? మనుషులు మనింటోళ్ళు గానప్పుడు బండి మనింటిది యెట్లయితాదప్పా?"

అన్వర్ బాషా సంచి సర్దుకుని వెళ్ళిన రోజు రాజబాబుకి బాగా గుర్తుంది. ఈ మాట యజమాని చెవిన వేయాలని రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, ధైర్యం చాలక వెనక్కొచ్చాడు. ఆ మాట బయటపడడానికి ఇంకో దారి ఏర్పడింది.

వేసవి. గురువారం. మర్నాడు సెలవు కావడంతో బండ్ల కోసం వచ్చినవాళ్ళతో ముందు గది నిండిపోయింది. ఉమ్ సాలెం అనే టీచరమ్మ బ్రేకులు మార్పించుకోవడానికి కారు ఇచ్చింది. పిల్లల్ని తీసుకుని వఫ్రాలో వాళ్ళ తోటకి వెళ్ళాలి. ఆమె తొందరపెడుతుంటే రాజబాబు లోపలికీ బయటికీ తిరుగుతూ, "యల్లా వలీ భాయ్, యల్లా! అయిపోయిందాండీ?" అని కేకలు పెడుతున్నాడు. మధ్యలో ఇంకో బండి స్టార్టవడం లేదని ఆయన్నే పిలిచాడు. ఖాసిం వలి అటు వెళ్ళాడు. ఉమ్ సాలెం కారు జాకీ మీంచి దిగి ఉండడం చూసి, పని అయిపోయిందనుకుని, రాజబాబే దాన్ని గేటు దాకా నడిపి తాళం ఆమె చేతికిచ్చాడు.

మధ్యాహ్నం ఖాసిం వలి అన్నం డబ్బా మూత తీసి, ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా ముందు గదిలోకి వచ్చాడు.

"రాజబాబూ, ఆ టీచరమ్మ బండి ముందర చక్రం నట్లు చేత్తో తిప్పి ఇడిచినా. పానా పెట్టి బిగించలా. నువ్వు పిలిస్తివి, పోయినా. తిరిగొచ్చి సూస్తే బండి ల్యాదు. ఇంకోటేదో పన్లో పడి మరిసిపోయినా."

చక్రం ఊడితే ఏమవుతుందో వాళ్ళిద్దరికీ వేరే చెప్పక్కర్లేదు.

"ఆమెకి ఫోను కొట్టప్పా. నా పేరు చెప్పు. నా పని పోతే పోనీ, ముందర పిల్లోళ్ళని దింపమను."

వెంటనే ఫోన్ కలిపాడు రాజబాబు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది. "అమ్మా, కారు మెల్లగా పక్కకి తీసి ఆపండి. పిల్లల్ని దించి రోడ్డుకి దూరంగా నిలబడండి. తప్పు మాది" అని అరబ్బీలో చెప్పాడు. కారు ఊగుతోందని తనకీ అనుమానంగానే ఉందని ఆమె అరిచింది.

ఇద్దరూ గ్యారేజీ పికప్‌లో బయల్దేరారు. దారంతా ఖాసిం వలి పెదవులు కదుపుతూ దువా చేస్తూనే ఉన్నాడు. రాజబాబు స్టీరింగ్ పట్టుకుని లోలోపల ప్రభువుని వేడుకున్నాడు. వఫ్రా రోడ్డు మీద నిప్పులు చెరిగే ఎండలో ఆ కారు కనబడింది. ఆమె తన అబాయా కొంగు పిల్లల తలల మీద కప్పి నిలబడి ఉంది. ఖాసిం వలి పరుగున వెళ్ళి చక్రం పట్టుకు చూశాడు. ఒక నట్టు అప్పటికే ఊడి ఎక్కడో పడిపోయింది. మిగిలినవి ఊడడానికి సిద్ధంగా ఉన్నాయి.

రాజబాబు పిల్లలకి నీళ్ళ సీసాలిచ్చి చల్లటి పికప్‌లో కూర్చోబెట్టాడు. వాళ్ళకి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఖాసిం వలి వేడి ఇసుకలో అలాగే కూలబడి ఏడ్చాడు.

ఉమ్ సాలెం తోటకి వెళ్ళలేదు. నేరుగా గ్యారేజీకి వచ్చింది. అందరూ చూస్తుండగా అబూ ఫహద్‌ని నిలదీసింది. "ఈ మనిషిని ఇవాళే పంపించేయండి. మీ బోర్డు మీద రాసింది ఇదేనా?" అంది. పనులన్నీ ఆగిపోయాయి. ప్రతివాడి చూపూ యజమాని మీదే ఉంది.

ఖాసిం వలి తల వంచుకున్నాడు. అప్పుడు రాజబాబు ముందుకొచ్చాడు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకే తెలియదని తర్వాత జాయ్సీతో అన్నాడు.

"అయ్యా, తొందరపెట్టింది నేను. పనిలో ఉన్న మనిషిని మధ్యలో పిలిచింది నేను. చూసుకోకుండా బండి అప్పగించిందీ నేనే. ఆయన నోరు విప్పకపోతే మనకెవరికీ తెలిసేది కాదు. పంపిస్తే నన్ను పంపించండి."

అబూ ఫహద్ ఉమ్ సాలెం ముందు నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అమ్మా, తప్పు నా గ్యారేజీది. అంటే నాది. ఏం శిక్ష వేసినా పడతాను. కానీ ఇతన్ని పంపితే, రేపు ఇలాంటిది జరిగితే మీకు ఫోన్ చేసేవాడు ఇక్కడ ఒక్కడూ మిగలడు."

ఆమె పిల్లల వైపు చూసింది, ఖాసిం వలి వైపు చూసింది. పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు రాజబాబు, ఇన్నాళ్ళూ గుమ్మం దాకా మోసుకెళ్ళి వెనక్కి తెచ్చుకున్న మాట చెప్పేశాడు. అన్వర్ బాషా సంగతి. విన్న అబూ ఫహద్ అక్కడే ఒక స్టూలు మీద కూర్చుండిపోయాడు. అన్వర్ బాషాని పంపేసే కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టానన్నాడు. "తప్పు చేసి దాచినవాడికి ఇక్కడ చోటు లేదు. చెప్పినవాడికి ఎప్పుడూ ఉంటుంది. ఖలాస్" అన్నాడు. ఇకమీదట ఒకరు బిగించిన చక్రాన్ని మరొకరు చూడాలనీ, చూసేదాకా గేటు దాటించకూడదనీ చెప్పాడు. ఆ సాయంత్రం మొదటి చక్రం తనే వంగి చూశాడు. తొడుక్కున్న తెల్లటి పొడుగు దిష్‌దాషాకి నల్లటి మరక అంటింది. ఎవరూ నవ్వలేదు.

చలికాలం వచ్చేసరికి అన్వర్ బాషా కొత్త వీసా మీద తిరిగొచ్చాడు. ఎయిర్‌పోర్టుకి రాజబాబే వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరూ అతన్ని కావలించుకున్నారు.

పొద్దున పూట ఆ వాక్యం చెప్పించడం రాజబాబు మానేశాడు. అవసరం లేకపోయింది. "ఈ బెల్టు ఇంకా బాగుంది, ఊరికే మార్చొద్దని చెప్పన్నా" అని మెకానిక్కులే వచ్చి చెప్పసాగారు. తను విరగ్గొట్టిన క్లిప్పు తెచ్చి చూపించినవాడొకడు. ఒక చప్పుడు అర్థం కాక, ఇది నాకు తెలియదని ఒప్పుకున్నవాడొకడు. ఆ ఏడు చివర్లో ఉమ్ సాలెం మళ్ళీ వచ్చింది. తన కారుతోబాటు చెల్లెలి కారు కూడా తెచ్చింది. "ఆ ముసలాయనే చూడాలి" అంది. ఖాసిం వలికి అప్పటికి నలభై ఎనిమిదే. ముసలాయన అన్నందుకు రెండు రోజులు గింజుకున్నాడు.

రెండు వేల పన్నెండులో రాజబాబు, జాయ్సీ ఫర్వానియాలో తమ ఫ్లాటులో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. శుక్రవారం ప్రార్థన అయ్యాక మసీదు నుంచి ఖాసిం వలి, అన్వర్ బాషా నేరుగా అక్కడికే వచ్చి, చెప్పులు విప్పి వెనక వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే రాజబాబు లేచాడు. ఆరోగ్యం గురించి, పిల్లల చదువుల గురించి చెబుతాడనుకున్నారంతా. అతను వఫ్రా రోడ్డు గురించి చెప్పాడు.

"దేవుడు నాకు చాలా మేళ్ళు చేశాడండి. కానీ ఆ రోజు ఈ వలీ భాయ్ అన్నం ముందు నుంచి లేచి రాకపోతే, ఇవాళ మీ ముందు నిలబడే మొహం నాకుండేది కాదండి. నా మాట ఒక్కళ్ళూ నమ్మనప్పుడు, తన పని పోద్దని తెలిసి కూడా దాన్ని నిజం చేసి చూపించింది ఆయనండి. మా అబూ ఫహద్ గారు దాన్ని నిలబెట్టారండి. వాళ్ళిద్దరి కోసం దేవునికి స్తోత్రం చెప్తున్నాను."

అని చెప్పి కూర్చున్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఖాసిం వలి ఇబ్బందిగా అటూ ఇటూ కదిలాడు.

"దాంట్లో యేముండాదప్పా, చెప్పాల్సింది చెప్పినా" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు గూడా అంతమందిలో నా పక్కన నిలబడితివి కదా" అన్నాడు.

జాయ్సీ వచ్చి, కూర చల్లారిపోతోందని అందరినీ భోజనాలకి లేపింది. రాజబాబు ఖాసిం వలిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి వడ్డన ఆయనకే చేశాడు.