లాస్లో, మా బావ, లేని మొసలి

నా మనవడికి పెట్టాలనుకున్న పేరు మా బావ ఎత్తుకుపోయి తన మనవడికి పెట్టుకున్నాడు. సంగతి ఇంతే. కానీ ఇంతేనని ఊరుకునే మనిషినైతే ఇది రాయడానికి కూర్చోను.

బావ అంటే మా ఆవిడకి స్వయానా అన్న. యాభై ఏళ్ళుగా రంగూన్ పబేడాన్‌లో ఒకే టీకొట్టు ముందు, పొట్టి పీటల మీద, ఒకే కప్పులో టీ తాగినవాళ్ళం. ఒకే కప్పు కాదు లెండి. ఆయనకి డికాషన్ ఎక్కువ ఉండాలి, నాకు పాలు ఎక్కువ ఉండాలి, కప్పులు వేరే. నాకు చిన్నప్పటి నుంచీ ఇదే జబ్బు. అబద్ధం పరిగెత్తుకుంటూ ముందొచ్చేస్తుంది, నిజం వెనకాల కర్ర పొడుచుకుంటూ వస్తుంది. కాస్త ఓపిక పడితే రెండూ చేరతాయి.

పేరు లాస్లో. మనవాళ్ళ పేరు కాదు, బర్మా వాళ్ళదీ కాదు. హంగెరీ దేశంలో మగపిల్లలకి తరతరాలుగా పెడుతున్న పేరు. అది రంగూన్ రేవు కూలీల మనవడినైన నా దగ్గరికి ఎలా వచ్చిందో ఈ వీధుల్లో తెలుగు తెలిసిన ప్రతివాడికీ తెలుసు, ఎందుకంటే ప్రతివాడికీ నేనే చెప్పాను.

చెప్పింది ఇదీ. నేను డాక్‌యార్డులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో లాంచీల ఇంజన్లు బిగించడానికి ఆ దేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. రంగూన్ అవతల ట్వంటే కాలవలో ఒక లాంచీ ఆగిపోతే చూడ్డానికి వెళ్ళాం. రేవు బల్ల మీద ఆయన కాలు జారింది. నీళ్ళలో పడ్డాడు. పడ్డచోటే మొసలి! నేను చేతిలో ఉన్న పానాతోనే దూకి, దాని ముక్కు మీద ఒక్కటిచ్చి, దొరని చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాగాను. ఆయన నన్ను కౌగిలించుకుని, 'లాస్లో నా ఒక్కడి పేరు కాదు, మా రాజుల పేరు. నీ వంశంలో ఒకడికి పెట్టుకో' అన్నాడు.

ఆ మొసలి ప్రతి వానాకాలానికీ మూరెడు పెరిగేది.

నాకు పుట్టినవాళ్ళలో కొడుకు ఒక్కడే. వాడికి మా నాన్న తన తండ్రి పేరు పెట్టుకున్నాడు, నేను నోరెత్తలేదు. అలా లాస్లో అనే పేరు నా దగ్గరే ఉండిపోయింది. ఈ ఏడు వానలు మొదలయ్యాక కొడుక్కి మగపిల్లాడు పుట్టాడు. బుధవారం. ఇక్కడ వారాన్నిబట్టి పేరుకి మొదటి అక్షరం వస్తుంది. బుధవారం వాడికి ల. వినగానే నేను ఆసుపత్రి వరండాలో గంతులేశాను. మోకాళ్ళు గంతులేసేలా లేవు గానీ గోడ పట్టుకుని ఆ ప్రయత్నమైతే చేశాను.

కోడలు పక్క మీద నుంచే ఫోన్లో వెతికింది.

"మావయ్యా, ఈ పేరోళ్ళు బోల్డుమంది ఉన్నారు. రాజులున్నారు. ఒక రాజుని సచ్చిపోనాక సెయింటుని సేసీసినారంట. ఫుట్‌బాల్ ఆడినోళ్ళు, పుస్తకాలు రాసినోళ్ళు, బాల్‌పెన్ను కనిపెట్టినోడు కూడానంట."

"అందరూ మా దొరకి చుట్టాలే," అన్నాను.

"ఇంటిపేర్లు వేరేవేరే ఉన్నాయి మావయ్యా."

"పెద్ద కుటుంబం తల్లీ."

ఆమె నవ్వింది. నా కొడుకూ నవ్వాడు. పేరు ఖాయమైంది.

ఇక మా రేవు ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. బారసాల దాకా పిల్లాడి పేరు తల్లిదండ్రులూ, ఎంచినవాడూ తప్ప ఎవరి ముందూ పలకకూడదు. ఒక్కడికి మాత్రం ముందే చెప్పాలి. పళ్ళెంలో బియ్యం మీద తండ్రి పేరు రాశాక, పిల్లాడి చెవిలో దాన్ని మొదటిసారి చెప్పేవాడికి. ఆ మనిషి నాన్నమ్మ పుట్టింటివాడై ఉండాలి. తమలపాకులు, అరటిపళ్ళు పట్టుకెళ్ళి, అతని చెవిలో పేరు చెప్పి, తాంబూలం చేతిలో పెట్టాలి. పెట్టాక మాట దాటకూడదు. ఇంకోటి, చుట్టరికం ఉన్న రెండిళ్ళలో ఒకే పేరు తిరగకూడదు. ఒకరి ఆయుష్షు ఒకరు తింటారంటారు.

మా ఆవిడ పుట్టింటివాడంటే బావే. ఆయనకీ సరిగ్గా వారం ముందు, అదీ బుధవారమే, మనవడు పుట్టాడు. ఇద్దరు తాతలం కలిసి కడుపారా నవ్వుకున్నాం. నేను చెవిలో పేరు చెప్పాను. బావ తాంబూలం కళ్ళకద్దుకున్నాడు.

ఆ మర్నాడే ట్వంటేలో మా దాయాది ఒకాయన పోయాడు. మాకు మూడు వారాల మైల. మనవడి బారసాల వెనక్కిపోయింది. శుభకార్యాలకి మేం వెళ్ళకూడదు కదా, బావ ఇంట్లో బారసాల జరుగుతుంటే నేనూ మా ఆవిడా ఇంట్లోనే కూర్చున్నాం. మావాళ్ళు ఇరవైఒకటో రోజున చేస్తారు. ఆయన పదకొండో రోజునే కానిచ్చేస్తున్నాడని విని, పాపం తొందరేమిటో అనుకున్నాను. నిజంగానే పాపం అనుకున్నాను.

మర్నాడు టీకొట్టులో గంజాం గుమస్తా, చౌక్తడా కోర్టులో పనిచేసి దిగిపోయినాయన, నా ఎదురుగా కూర్చున్నాడు.

"మీ బావకి ఎంత దైర్యం అండీ! ఇన్నాళ్ళూ మాకు తెలీనే లేదు."

"ఏటి తెలీలేదు?"

"అదే, మొసలి నోట్లోంచి దొరని లాగీడం. నిన్న బోజనాల్లో సెప్పినాడు. అందుకే మనవడికి ఆ దొర పేరు పెట్టినాడంట. లాస్లో."

నా చేతిలో కప్పు పగిలిపోయింది అని రాస్తే బాగుంటుంది. పగల్లేదు. టీ మాత్రం ముక్కులోకి పోయింది.

"అది నా మొసలి గదా!" అన్నాను దగ్గుతూ.

"మీరు సెప్పీవోరు, అవును. కానీ దూకింది ఆయనంట గదా. మీరు ఒడ్డున నిలబడి కేకలేసినారంట."

లేచి తిన్నగా బావ ఇంటికి పోయాను. మైల మనిషిని, పసిపిల్లాడున్న ఇంటి మెట్లెక్కకూడదు. ఇక్కడి మేడలకి బాల్కనీల్లోంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. పైన గంట, కింద క్లిప్పు. పేపరూ కూరలూ దానికే తగిలిస్తారు. బావ ఇంటి తాడు పట్టి లాగాను. నాలుగో అంతస్తులోంచి ఆయన తల బయటికొచ్చింది.

"ఏటి బావా?"

"కిందికి రా!"

"నువ్వు మైల గదా. నువ్వు పైకి రాకు, నాను కిందికి రాను. ఏటో అక్కడినుంచే సెప్పీ."

"తాంబూలం పుచ్చుకున్నావా, లేదా?"

"పుచ్చుకున్నాను. నమిలీసినాను కూడా."

వీధిలో పళ్ళమ్మే ఆవిడ తలెత్తి చూసింది. పై అంతస్తుల్లో ఇంకో రెండు తలలు బయటికొచ్చాయి.

"నా మనవడి పేరు అది! నీకు సిగ్గులేదూ?"

"బుదోరం పిల్లాడికి ల తో పేరు కావాల బావా. ల తో ఎన్నున్నాయేటి?"

"మరి మొసలి? మొసలికేటి వారం?"

బావ రైలింగు మీద మోచేతులాన్చి, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "ఆ మొసలి నీదా బావా? అలగైతే సెప్పు. అందరూ వింటన్నారు గదా. ఆ మొసలి ఎక్కడినుంచొచ్చిందో, ఎక్కడికెల్లిపోయిందో సెప్పు."

నేను తాడు వదిలేశాను. ఆ రోజు ట్వంటే రేవులో నా పక్కన నిలబడ్డది బావ. మొసలి లేదని తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే. నా పేరు నాదని నిలబెట్టుకోవాలంటే ఆ కథ నాదని చెప్పాలి. ఆ కథ నాదని చెప్పాలంటే అది కట్టుకథ అని ఒప్పుకోవాలి. తాళం నేనే చేసి, చెవి ఆయన చేతిలో పెట్టినట్టయింది.

తాడు కదిలింది. క్లిప్పుకి ఒక పొట్లం తగిలించి దింపాడు. బారసాల మిఠాయి. "సెల్లికియ్యి," అన్నాడు. దాన్ని వీధి మురుగులో విసిరికొట్టి వచ్చేశాను.

విసిరికొట్టలేదు. ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ముట్టుకోలేదు. నేనే తిన్నాను. నెయ్యి బాగానే పోశారు.

"మొసలిని పెంచింది నువ్వే గదా," అంది మా ఆవిడ. "ఇప్పుడు కరిసిందని ఏడిస్తే?"

"మీ అన్నని ఒక్క మాటనవా?"

"అంటాను. తాంబూలం నమిలి మాట మింగినోడిని అనకేటి. కానీ నీకోసం అనను, నా మనవడికోసం అంటాను." అన్నది కూడా. ఫోన్లో అంది, నన్ను గదిలోంచి పంపేసి. ఏమందో నాకు ఇప్పటికీ తెలీదు.

మైల తీరింది. మా బారసాల రోజున, తాంబూలం వెనక్కి తీసుకునే పద్ధతి లేదు గనక, పిల్లాడి చెవిలో పేరు చెప్పడానికి బావే వచ్చాడు. కొత్త లుంగీ కట్టుకుని, పెద్దమనిషిలాగ. ఒకే పేరు రెండిళ్ళలో తిరగకూడదు గనక మా ఆవిడ వేరే పేరు ఎంచింది. మంచిదే, ల తోనే. నేను ఇక్కడ రాయను, అది నా మనసులోంచి రాలేదు.

ట్వంటే నుంచి చుట్టాలు వచ్చారు. భోజనాలకి ముందు బావ వాళ్ళకి మొదలెట్టాడు. కాలు జారడం, నీళ్ళు, మొసలి. నా పానా, నా దెబ్బ, నా మాటలు. మొసలి నేను వదిలేసిన కొలత కంటే ఇంకో మూరెడు పెరిగింది. అక్కడ నా ఓపిక తెగిపోయింది. లేచి నిలబడ్డాను.

"మొసలి లేదు! అది నా అబద్దం. యాబై ఏళ్ళ నుంచీ చెప్తున్న అబద్దం. దొర పడ్డది బురదలో. నేనూ ఇతనూ ఒడ్డు మీద నిలబడి నవ్వాం. కుండల పడవ నడిపే ఆవిడ గెడ అందిస్తే పట్టుకుని ఆయనే పైకొచ్చాడు. ఎవడూ దూకలేదు!"

 నా జీవితంలో మొట్టమొదటిసారి నలుగురి ముందు నిజం చెప్పాను. గంజాం గుమస్తా నా భుజం తట్టి, "పోనీండి, కూర్చోండి," అన్నాడు. ఎవరో వెనకనుంచి, "కడుపుమంట," అన్నారు. ట్వంటే నుంచి వచ్చిన ముసలావిడకి కోపమే వచ్చింది. "మా కాలవలో మొసలి లేదంటావేటి? మా తాత కళ్ళతో సూసినాడు!"

బావ మాత్రం అంతా నవ్వుతుంటే నవ్వకుండా కూర్చున్నాడు. అదే నాకు ఎక్కువ మండింది. తర్వాత చేతులు కడుక్కునే దగ్గర పక్కన చేరాడు.

"ఆ రేవులో నీ పక్కనే ఉన్నాను బావా. యాబై ఏళ్ళు సెప్పినావు. ఒక్క నాడైనా నన్ను అందులో నిలబెట్టినావా?"

"అడగొచ్చు గదా."

"అడిగితే ఇచ్చీ రకమా నువ్వు? నీకు కతుంది. నా మనవడికి సెప్పుకోడానికి నాకేటుంది?"

చేతులు తుడుచుకోడానికి తువ్వాలు ఆయనకే ముందు అందించాను. కానీ తువ్వాలు అందించినంత మాత్రాన క్షమించినట్టు కాదు. ఆ రోజు నుంచీ టీకొట్టులో నేను రెండో వరసలో కూర్చుంటున్నాను.

బావకి తెలియనిది ఒకటుంది. దొర బురద కడుక్కున్నాక బావ టీ తేవడానికి వెళ్ళాడు. రేవు షెడ్డులో నేనూ ఆయనా మిగిలాం. నా పాత లుంగీ ఇచ్చాను. అది కట్టుకుని చలికి వణుకుతూ, ముక్కలు ముక్కల ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళ దేశంలో పుట్టినరోజు కాక ప్రతి పేరుకీ ఏడాదిలో ఒక రోజు ఉంటుందట. ఆ రోజు ఆ పేరున్న వాళ్ళందరినీ పలకరిస్తారట. అది లాస్లోల రోజట. పొద్దున్నుంచీ ఒక్కరూ పలకరించలేదని, ఇప్పుడు బురద పలకరించిందని నవ్వాడు. నేను "లాస్లో" అని పిలిచాను. రెండుసార్లు సరిదిద్దాడు. మూడోసారి కుదిరింది.

తర్వాత నా పేరు అడిగాడు. డాక్‌యార్డు వాళ్ళు పెట్టిన బర్మా పేరు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "ఇంట్లో పిలిచేది," అన్నాడు. అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆ మాట అడిగినవాడు ఇంకొకడు లేడు. ఇంటిపేరుతో సహా చెప్పాను. "మీకూ ఇంటిపేరే ముందా! మాకూ అంతే!" అని మోకాలి మీద కొట్టుకున్నాడు. అప్పుడు నా పూర్తి పేరు, ఒక్క అక్షరం తప్పకుండా, నన్ను చూస్తూ పిలిచాడు. వంశంలో పెట్టుకోమని ఏమీ అనలేదు. పెట్టుకోవాలని నాకే అనిపించింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే చిన్నగా ఉంటుందనిపించి దాని మీద మొసలిని కూర్చోబెట్టాను. బావ ఎత్తుకుపోయింది ఆ మొసలిని, దాని కింద ఏముందో చూడలేదు.

అసలు మోసం ఏమిటంటే, ఎత్తుకుపోయిన పేరుని వాళ్ళు వాడనైనా వాడరు. ఇంట్లో వాడిని చిన్నోడంటారు. పక్కింటి బర్మా వాళ్ళు, మగపిల్లల పేర్లకి ముందు పెట్టే మాంగ్ తగిలించి, మాంగ్ లా అంటారు. బావకి ఆ పేరు సరిగా పలకనే రాదు, మధ్యలో నాలుక మడతపడుతుంది.

అందుకని నేనే వెళ్తున్నాను. మా ఆవిడ అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడల్లా వెనకాల నాలుగంతస్తులూ ఎక్కుతాను. బావతో మాట్లాడను. ఉయ్యాల మీదకి వంగి, రేవు షెడ్డులో నేర్చుకున్నట్టు, ఒక్క అక్షరం తప్పకుండా పిలుస్తాను. లాస్లో. వాడు వెంటనే నావైపు తిరిగి నవ్వుతాడు.

నవ్వడు. ఇంకా అంత వయసు లేదు. ఫాను చూస్తాడు. అయినా పిలుస్తాను.