స్పీడు పెంచబోయిన సారు

మొన్న శనివారం నంద్యాలలో ఒక కంప్యూటర్ షాపులో నేను చేసిన గలాటా మీ చెవిన పడిందా? పడలేదా? దేవుని దయ! ఇంకెవురో చెప్పేలోపల నేనే చెప్పేస్తా. టీ తాగుతా వినండి. నవ్వొస్తే నవ్వండి, నా మొకం మాత్రం చూడొద్దండి.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. పదహారేండ్లుగా స్కూల్లో పిల్లోల్లకు కంప్యూటర్లు చెప్తాండా. అందుకని మా చుట్టాల్లో యాడ ఏ కంప్యూటర్ మొరాయించినా "దానియేలును పిలవండి" అంటారు. మా రూతక్క వాళ్లది ఆళ్లగడ్డ. సాల్మన్ బావ పెండ్లి ఫొటోలు తీసి, ఇంట్లోనే కూర్చోని ఆల్బమ్‌లు చేస్తాడు. పోయిన వారం ఫోన్ చేసినాడు.

"దానియేలూ, ఒక ఫొటో మీద నొక్కి, పోయి నీళ్లు తాగొచ్చినా ఇంకా తెరుచుకుంటానే ఉందప్పా! గడివేముల పెండ్లోల్లకు సోమవారం ఆల్బమ్ చూపియ్యాల. ఏందన్నా చెయ్."

"ర్యామ్ చాలడంలే బావా. ఇంకొకటి ఏస్తే సర్రున పోతాది" అంటి.

శుక్రవారం స్కూలు ఇడిసినాక నంద్యాలలో మస్తాన్ భాయ్ కంప్యూటర్ షాపుకు పోయినా. ఆయన అడిగిన మాట ఒకటే: "సార్, లోపల ఉండే పాతది ఏ స్పీడు?"

నాకు తెలీదు. తెలీదని నలుగుర్లో కంప్యూటర్ సారు ఎట్లా చెప్తాడు? "ఉండేవాట్లో స్పీడుది ఇయ్యి భాయ్, మిగతాది నేను చూసుకుంటా" అంటి. మూడువేల రెండొందల స్పీడుది ఇచ్చినాడు.

శనివారం పొద్దున్నే ఆళ్లగడ్డలో దిగినా. డబ్బా ఇప్పి, దుమ్ము ఊది, కొత్త ముక్కను పాతదాని పక్కన టక్కున బిగించినా. పాతదాని మీద రెండువేల నాలుగొందలని రాసుంది. చూసినా. చూసి పట్టించుకోలేదు. రెండూ ఒకే తీరుగా ఉండాయి, ఒకే రకం గాడిలో పట్టినాయి, ఇంకేం కావాల?

ఆన్ చేస్తే, అబ్బ! ఫొటోలు టపటపా తెరుచుకుంటాండాయి. బావ మొకం వెలిగిపోయింది. అక్క ఉగ్గాని బజ్జీ తెచ్చి పెట్టె. ఆడికి చాలించి తినేసి, చేయి కడుక్కోని, బస్సెక్కింటే ఈ కథే లేదు.

నేనేమో బజ్జీ నములుతా, స్పీడు ఎంత చూపిస్తాందో అని చూసినా. రెండువేల నాలుగొందలు! నాకు రేగిపోయింది. మూడువేల రెండొందలది అమ్మి ఈ నడకేంది? సెట్టింగ్స్‌లోకి దూరినా.

"ఇంగ చాలులేప్పా, బాగానే పోతాంది కదా" అన్నాడు బావ.

"నువ్వు ఊరికే ఉండు బావా. స్పీడు పెట్టుకోని వాడుకోకుంటే ఎట్లా?"

నా చేత్తో నేనే మూడువేల రెండొందలు పెట్టి సేవ్ కొట్టినా. స్క్రీను నల్లగా అయిపోయింది. ఫ్యాను తిరుగుతాది, ఆగుతాది, మళ్లా తిరుగుతాది. బొమ్మ రాదు. కొత్త ముక్క పీకేసి, పాతదొక్కటే పెట్టి చూసినా. అయినా రాదు! అప్పుడు నా బుర్రకు తోచిందేందంటే, ఆ కొత్తది డూప్లికేట్, అది పోతా పోతా మంచిదాన్ని కూడా చంపింది.

బావ మెల్లిగా అడిగినాడు. "మరి ఫొటోలు?"

"కెమెరా కార్డుల్లో లేవా?"

"ఇంకో పెండ్లికని చెరిపేసినాప్పా."

అక్క ప్రార్థనకు కూర్చునింది. డబ్బాను దుప్పట్లో చుట్టి ఇద్దరం నంద్యాల బస్సెక్కినాం, బావ దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. దోవ పొడుగునా నేను నకిలీ మాలు గురించి బస్సంతా వినపడేట్టు లెక్చర్ ఇచ్చినా.

షాపు నిండా జనం. గడప కాడే మొదలుపెట్టినా. "ఏం భాయ్, టీచర్లకే డూప్లికేట్ అంటగడితే మామూలోల్ల గతేంది? నమ్మి వస్తే ఇట్లా చేస్తారా?" జనం తిరిగి చూస్తాండారు. ఒకాయన కొనబోయే మౌసు కింద పెట్టేసినాడు. మస్తాన్ భాయ్ మాత్రం "చూద్దాం సార్, కూర్చోండి" అని కుర్చీ జరిపినాడు.

లోపలి గదిలోంచి స్క్రూడ్రైవరు పట్టుకోని ఒక అమ్మాయి వచ్చింది. "నమస్తే సార్! నేను రేష్మా, టెన్త్ బీ సెక్షన్‌లో మీ దగ్గరే చదువుకున్నా. ఇప్పుడు మస్తాన్ మామ కోడలిని. రిపేర్లన్నీ నేనే చూస్తా."

నా గొంతు సగానికి దిగింది. ఆ పిల్ల డబ్బా ఇప్పి, రెండు ముక్కల మీద నెంబర్లు చూసింది. జనానికి వినపడకుండా నా దగ్గరికి వంగి అడిగింది. "సార్, సెట్టింగ్స్‌లో ఎవురన్నా స్పీడు మార్చినారా?"

ఇప్పుడు చెప్పేది వినండి. నాకు ఇప్పటికీ సిగ్గుతో చెవులు కాలుతాండాయి. "మా బావ ఏమన్నా మార్చినాడేమో" అంటి! బావ నా పక్కనే నిలబడి ఉండాడు!

బావ నన్ను ఒక్క చూపు చూసినాడు. చూసి, "అవునమ్మా, తెలీక నేనే ఏందో నొక్కినా" అన్నాడు.

తిట్టినా, కొట్టినా ఆ మాటంత తగలదు.

"ఏం కాదు అంకుల్" అని రేష్మా లోపల ఉండే చిన్న బ్యాటరీ తీసి, కాసేపు ఆగి పెట్టింది. రెండు ముక్కలూ బిగించి ఆన్ చేసింది. బొమ్మ వచ్చింది. గడివేముల పెండ్లికూతురు తలంబ్రాల కాడ నవ్వుతాంది!

"ఏదీ చెడిపోలేదు సార్. రెండు స్పీడులవి కలిపితే, నిదానంగా పోయేదాని స్పీడుకే రెండూ పోతాయి. ఇంకా పెంచితే పాతది ఓర్చుకోలేదు, అంతే. పాతదొక్కటే పెట్టినా అదే సెట్టింగ్ కదా, అందుకే రాలేదు. బ్యాటరీ తీస్తే ఆ సెట్టింగ్ చెరిగిపోయింది."

నాకు నిలబడబుద్ధి కాలేదు. "అమ్మా రేష్మా, బావ కాదు, నేనే మార్చినా" అంటి. తర్వాత అంతమందిలోనే మస్తాన్ భాయ్ చేతులు పట్టుకోని, "నీ మాలు మంచిదే భాయ్, తప్పు నాది" అని చెప్పినా. తిట్టినంత గట్టిగా చెప్పినానా అంటే, లేదు. ఆయన టీ తెప్పించినాడు. అది మింగేదానికి నాకు పావుగంట పట్టింది.

తిరిగి ఆళ్లగడ్డకు పోయినాం. బావ ఆదివారం తెల్లారేసరికి ఆల్బమ్ ముగించినాడు. అక్కకు మాత్రం "మీ తమ్ముడు ఉన్నాడు కాబట్టి సరిపాయ" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడంట. అదే కొంప ముంచింది. ఆ పొద్దు చర్చిలో, దేవుడు చేసిన మేళ్లను అందరి ముందర సాక్ష్యంగా చెప్పే టైముకు అక్క లేసి నిలబడింది. "చచ్చిపోయిన కంప్యూటర్‌ను లేపే జ్ఞానం దేవుడు నా తమ్మునికి ఇచ్చినాడు!" అని కండ్లనీళ్లు పెట్టుకుంది. అందరూ చప్పట్లు. బావ దగ్గుతా తల వంచుకున్నాడు. నేను నేల చూస్తాండా.

ఆరాధన అయినాక ఒక పెద్దాయన నా చేయి పట్టుకున్నాడు. "సార్, మా ఇంట్లో కంప్యూటర్ కూడా మెల్లిగా పోతాంది. ఒకసారి చేయి పెట్టి పోరాదా?"

ఈసారన్నా నిజం చెప్దామని గుండె గట్టి చేసుకున్నా. "వద్దులేప్పా. నేను చేయి పెడితే ఆ మెల్లిగా పోయేది కూడా ఆగిపోతాది" అంటి.

ఆయన పక్కనోల్లకు తిరిగి చెప్పినాడు: "చూడండప్పా, ఇంత చదువుండి కూడా సారుకు ఎంత అణకువో!"