రిజిస్టర్‌లో ముగ్గురం, వార్డులో ఒక్కదాన్నే

బళ్లారి కంటోన్మెంట్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆరేళ్లు నర్సుగా చేశాను. ఆడవాళ్ల వార్డులో పద్దెనిమిది మంచాలు. ఉదయం షిఫ్టులో ముగ్గురం ఉండాలి. ఇద్దరు మానేశాక వాళ్ల చోట ఎవరినీ తీసుకోలేదు. అందరినీ నేనొక్కదాన్నే చూసుకునేదాన్ని.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు కిటికీ పక్క మంచంలో ఒకామెకు షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి. నరం దొరక్క సూదితో తంటాలు పడుతుండగా, వార్డు ఆ చివరనుంచి హచ్చొళ్ళి ఊరి పెద్దామె బాత్‌రూమ్‌కి పోవాలని పిలిచింది. గర్భసంచి ఆపరేషన్ అయి రెండు రోజులే. వస్తున్నానని కేకేశాను. ఆమె మూడోసారి కూడా పిలిచి, ఇక ఆగలేక తనే లేచింది. పడిన చప్పుడు విన్నాను. తుంటి ఎముక విరిగింది.

మేనేజర్ ఆమె కొడుకు ముందు నన్ను నిలబెట్టి తప్పు నర్సుదేనన్నాడు. తర్వాత తన గదిలోకి పిలిచి ఒక కాగితం పెట్టాడు. నా నిర్లక్ష్యం వల్లే రోగి పడిందని అందులో ఉంది. ఒక్కదాన్నే ఉన్నానని చెప్పబోయాను.

"సైన్ చేయమ్మా. ఆ యమ్మ కొడుకు పోలీస్ స్టేషన్‌కి పోతే నీ నర్సు రిజిస్ట్రేషన్ పోతాది" అన్నాడు.

చేశాను. ఆ కొడుకు నన్ను చూసిన చూపు ఇంటిదాకా వెంట వచ్చింది.

అప్పటినుంచి నాకు పగ తప్ప వేరే ఆలోచన లేదు. రోజూ డ్యూటీ దిగేముందు హాజరు రిజిస్టర్‌లో నా ఒక్క సంతకమే ఉన్న పేజీని ఫోన్‌లో ఫోటో తీసేదాన్ని. మర్నాడు పొద్దున అదే పేజీలో మానేసిన అమ్మాయిల సంతకాలు చేరి ఉండేవి. వాళ్లలో ఒకామె పెళ్లయి సిరుగుప్పలో కాపురం చేస్తోంది. ఆ పేజీనీ ఫోటో తీసేదాన్ని.

మూడు వారాలకు ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చేందుకు ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ముందురోజు మేనేజర్ నర్సింగ్ కాలేజీ నుంచి ఇద్దరు విద్యార్థినులను రప్పించి, స్టాఫ్ యూనిఫాం వేయించి, వార్డు చూపించమని నాకే అప్పగించాడు. తలవంచుకుని సరేనన్నాను. ఎవరు ఏ మంచాలు చూడాలో శ్రద్ధగా నేర్పాను. లోపల నవ్వుకున్నాను.

వచ్చిన అధికారి కన్నడాయన, తెలుగు బాగానే తెలుసు. ఆరుగురికి ఒక నర్సు ఉందని మేనేజర్ చెబుతుంటే, నేను హచ్చొళ్ళి పెద్దామె మంచం దగ్గర ఆగాను. ఎముకకు ఆపరేషన్ చేశాక ఆమె ఇంకా అక్కడే ఉంది. ఈ వార్డులో ఎంతమంది నర్సులను చూసిందో ఆమెనే అడగమన్నాను.

పెద్దామె ఆ అమ్మాయిలను ఎగాదిగా చూసింది. "ఈ పాపలెవరో నాకు తెలీదప్పా. నేను పడిన పొద్దు ఈడ ఈ యమ్మ ఒక్కతే ఉండింది. ఇప్పుడూ ఒక్కతే చేస్తాండాది."

ఆమెకు మతి సరిగా లేదన్నాడు మేనేజర్. నేను ఫోన్ తీసి ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను. కావాలనే నెమ్మదిగా జరిపాను. అతని మెడ మీద చెమట కారుతుంటే నాకు చల్లగా ఉంది. విద్యార్థినుల్లో చిన్నది ఏడ్చింది. ఆ పిల్ల తప్పు లేదని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. అదొక్కటే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆసుపత్రికి రావాల్సిన గుర్తింపు ఆగిపోయింది. యజమానులు మేనేజర్‌ని తీసేశారు, నన్నూ రావద్దన్నారు. ఆ వార్డులోకి కొత్తగా ముగ్గురు నర్సులు వచ్చారట. పెద్దామె మాత్రం కర్ర లేకుండా మళ్లీ నడవలేదు.

ఇప్పుడు కూరెకుప్పలో ఒక చిన్న క్లినిక్‌లో చేస్తున్నాను. మొన్న బస్టాండులో మేనేజర్ ఎదురై, ఎక్కడా పని దొరకడం లేదని, నేను కోపం మర్చిపోవాలని చాలాసేపు చెప్పుకున్నాడు. పూర్తిగా విన్నాను.

"హచ్చొళ్ళికి పోయి ఆ యమ్మకు చెప్పుకోప్పా" అని బస్సెక్కాను.